పెట్టె చెకిన్ చెయ్యాలా, చేత్తో పట్టుకెళ్ళాలా?

మొదటిసారి అమెరికా వెళ్ళే కుర్రాళ్ళు ఇప్పటికీ నన్నడిగే ప్రశ్న ఇది. నా జవాబు 1929 నుంచి మొదలవుతుంది, కాస్త ఓపిక పట్టండి.

ఆ ఏడాది వార్సాలో కుదిరిన ఒప్పందం ప్రకారం, చెకిన్ చేసిన పెట్టె పోతే పరిహారానికి పరిమితి లోపలున్న వస్తువుని బట్టి కాదు, బరువుని బట్టి! కిలోకి 250 బంగారు ఫ్రాంకులు. వైటూకే రోజుల లెక్కలో సుమారు 20 డాలర్లు. అంటే అరకిలో డిగ్రీ సర్టిఫికెట్లకి పది డాలర్లు, ఐదు కిలోల ఆవకాయకి వంద. (అమ్మ పెట్టిన ఆవకాయకి ఆ మాత్రం విలువుందిలెండి, అది వేరే సంగతి.)

1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ఈ తూకం లెక్క తీసేసి, మనిషికింత అంది. అది అమెరికాలో 2003లోనే అమల్లోకొచ్చినా మన దేశం చేరింది 2009లో. ఈలోగా హైదరాబాదు నుంచి వన్‌వే టికెట్ మీద ఎగిరినవాళ్ళంతా పాత తూకం కిందే ఎగిరారన్నమాట! 2024 డిసెంబరు నుంచి పరిమితి 1,519 ఎస్‌డీఆర్‌లు, అంటే సుమారు రెండువేల డాలర్లు.

ఇంకో మెలిక. చెకిన్ పెట్టె విమానసంస్థ చేతిలో ఉండగా పోతే వాళ్ళదే బాధ్యత. చేతిసంచీ పోతే మాత్రం తప్పు వాళ్ళదని తేలాలి. 2006 ఆగస్టులో లండన్‌లో ద్రవ పేలుడు పదార్థాల కుట్ర బయటపడ్డాక వచ్చిన 100 మిల్లీలీటర్ల నిబంధనతో నూనె తేలే ఆవకాయ ఎలాగూ కిందకే. సర్టిఫికెట్లు, మందులు, లాప్‌టాప్ చేతిలో పెట్టుకోండి. గేటు దగ్గర మీ సంచీ కూడా కిందకి పంపాలంటే, ముందు ఆ ఫైలు బయటికి లాగండి.