చెన్నపట్టణపుఁ బొలిమేరలు

వ్యాకరణశాస్త్రమున హద్దు రెండు విధములని చెప్పఁబడినది. ఒకటి మర్యాద; రెండవది యభివిధి. పాటలీపుత్రమువఱకు వాన కురిసినదన్నప్పుడు, పాటలీపుత్రమును విడిచి కురిసినచో నది మర్యాద, పాటలీపుత్రమునఁ గూడఁ గురిసినచో నభివిధి. మాట యొక్కటియే, అర్థములు రెండు. ఈ భేదము శాస్త్రాభ్యాసకులకు మాత్రమే కావలసినదిగాఁ దోఁచును గాని, మహానగరముల చరిత్రమును బరిశీలించినచో నిదియే పెద్ద వివాదములకు మూలమైనట్లు తెలియఁగలదు. నగర మేయూరివఱకు? ఆయూరు లోపలిదా, వెలుపలిదా? ఈ ప్రశ్నకుఁ జెన్నపట్టణము మూఁడువందల యెనుబదియేండ్లకు మించిన కాలములోఁ బెక్కుమాఱులు సమాధానము చెప్పవలసి వచ్చినది. ఆ సమాధానములలో నొకదానితో నొకటి సరిపోవునవి మిక్కిలి తక్కువ. ఏలయనఁగా దుర్గరక్షణమున కొక హద్దు, న్యాయస్థానాధికారమున కొక హద్దు, పన్నుల కొక హద్దు, జిల్లాకు వేఱొక హద్దు గీయఁబడినవి. వీనిలో నేది నగరమను ప్రశ్నమును దేల్చుకొనకయే “నగర మెవరిది” యని వాదించిన కాలమొకటి గడచినది. దానిఫల మాంధ్రు లెఱుఁగుదురు.

నగరము పుట్టకముందే దాని యవయవములు పుట్టినవి. తొండైమండల మిరువదినాలుగు కోట్టములుగా విభక్తమై యుండెను. చోళకాలమున మైలాపూరు పులియూరు కోట్టములోనిది. తిరువొత్తియూరు పుళల్ కోట్టములోనిది. ఇప్పటి చెన్నపురి కుత్తరదక్షిణ భాగములు నాఁడు వేర్వేఱు నాడులకుఁ జెందినవన్నమాట. తిరువల్లిక్కేణియందలి పార్థసారథిస్వామి యాలయమునఁ బల్లవరాజగు దంతివర్మ కాలపుఁ దమిళ శాసనము కలదు. తిరువొత్తియూరి యాలయమునఁ జోళశాసనములు పెక్కులు కలవు. ఇంగ్లీషువారు సముద్రతీరమున నడుగుపెట్టునప్పటికి నీ గ్రామములకు దేవాలయములును, చెఱువులును, ధర్మకర్తలును, పేళ్లును గలవు. నగరము వీనిని గనలేదు. తరువాత నొక్కటొక్కటిగాఁ దనలోఁ గలుపుకొన్నది.

క్రీ. శ. 1639లో దామెర్ల వేంకటాద్రినాయఁడు మదరాసుపట్టణమను రేవుగ్రామమునఁ గోట కట్టుకొనుట కీస్టిండియా కంపెనీవారి తరఫున వచ్చిన ఫ్రాన్సిస్ డే యనువానికిఁ బట్టా యిచ్చెను. వేంకటాద్రి వందవాసి ప్రాంతమునకుఁ బాలకుఁడు. అతని తమ్ముఁ డయ్యప్పనాయఁడు పూనమల్లియందుండెను. వీరి తండ్రి చెన్నప్పనాయఁడు. చెన్నపట్టణమను పేరు తండ్రిపేర వెలసినదని పెక్కుమంది పరిశోధకుల మతము; చెన్నకేశవస్వామి పేర వచ్చినదని చెప్పువారును గలరు. వేంకటాద్రికి సోదరుఁడగు దామెర్ల యంకభూపాలుఁడు రచించిన యుషాపరిణయ ప్రబంధమునఁ, బ్రళయకావేరియందలి డచ్చివారికిని మైలాపురమునందలి పోర్చుగీసువారికిని జగడములు రాకుండుటకై యా రెంటినడుమఁ దండ్రి పేరఁ జెన్నపట్టణము నిలుపఁబడినట్లు వర్ణితమై యున్నది. ఈ సాక్ష్యము గమనింపఁదగినది. కవి చెప్పినదానింబట్టి యీ పట్టణము పుట్టుకయందే యొక పొలిమేర. రెండు శక్తులను వేఱుచేయుటకుఁ బెట్టిన యెడము. 1645లో విజయనగర రాజగు మూఁడవ శ్రీరంగరాయలు కంపెనీవారి హక్కులను స్థిరపఱచుచుఁ దన పేర శ్రీరంగరాయపట్టణ మని దీనిని వ్యవహరించెను. ఆఱేండ్లలో నొక్కచోటికి మూఁడు సంజ్ఞలు కలిగినవి. వానిలో మూఁడవది వాడుకలో నిలువలేదు.

1640లో నారంభమైన కోటలోపల తెల్లవారి పేటయుఁ, గోట కుత్తరమున నల్లవారి పేటయు నేర్పడెను. నేఁతవారును, అద్దకపుఁ బనివారును, వర్తకులును వచ్చి చేరిరి. వారిలోఁ దెలుఁగువారు చాలమంది. ఇంగ్లీషువారు వారిభాషను “జెంటూ” యని పిలిచిరి. పట్టణమునకుఁ గావలికాఁడగు పెద్దనాయఁడు వంశపారంపర్యముగ నా యుద్యోగము ననుభవించెను. పెద్దనాయనిపేటకు నా పేరు నిలిచినది. దాని ప్రక్కదే ముత్యాలపేట. కుడిచేతి కులములకును నెడమచేతి కులములకును గలిగిన కలహములను దీర్పఁబూని, గవర్నరు థామస్ పిట్టు కాలమున, 1707-08 సంవత్సరములలో, కుడిచేతివారికిఁ బెద్దనాయనిపేటయు, నెడమచేతివారికి ముత్యాలపేటయు నిర్ణయింపఁబడెను. వెలుపలి హద్దు కుదురకముందే లోపలి హద్దు లిట్లు గట్టిపడినవి.

1746లో ఫ్రెంచివారు కోటను బట్టుకొనిరి. 1749లో నది మరల నింగ్లీషువారి వశమయ్యెను. కోటగోడల కానుకొని యిండ్లుండుట శత్రువునకు మఱుఁగగునని తెలిసి, యా యుద్ధకాలమునఁ గొంతయుఁ దరువాతఁ గొంతయుఁ బాత నల్లవారి పేట నేలమట్టము చేయఁబడెను. ఆ బయలులో నిండ్లు కట్టఁగూడదని తెలుపుటకై 1773లో నాఱు ఱాతికంబములు నాటఁబడినవి. వానిలో నొక్కటిమాత్రము ప్యారీ కంపెనీ మూలయొద్ద నిలిచి యున్నది. పాతపేట యున్నచోట హైకోర్టు వెలసినది. ప్రాకారమున కైన వెచ్చమును బురవాసులనుండి రాఁబట్టుటకుఁ దలపెట్టిన పన్నుపేర వాల్‌టాక్సు రోడ్డు నేఁటికిని బిలువఁబడుచున్నది. గోడ పోయినది, పన్నుపేరు నిలిచినది. పెద్దనాయనిపేట ముత్యాలపేటలే క్రొత్త నల్లవారి పేటయై, యిరువదవ శతాబ్ద్యారంభమున జార్జిటౌను అను పేరు దాల్చెను.

చుట్టునున్న గ్రామములు కంపెనీవారి స్వాధీనమైన క్రమము స్పష్టముగా నున్నది. గోలకొండ ప్రభుత్వకాలమునఁ దిరువల్లిక్కేణి వచ్చెను. 1693లో మొగలాయీలవలన ఎగుమూరు, పురసవాకము, తండయారుపేట లభించినవి. 1708లో నైదూళ్లు చేరినవి: తిరువొత్తియూరు, నుంగంబాకము, వ్యాసరపాడి, కత్తివాకము, సాత్తంగాడు. 1742లో మఱి యైదు: వేపేరి, పెరంబూరు, పుదుపాకము, ఎర్ణావూరు, సడయంకుప్పము. 1749లో శాంతోమును మైలాపూరును గలిసెను. ఇందొక వింత గలదు. మైలాపూరు వీనియన్నింటికంటెను బ్రాచీనము. అయినను నగరములోఁ జేరుటలోఁ గడపటిది.

ఇట్లు భూములు చేరుచున్నను నగరపు హద్దెక్కడ నను విషయము వేఱుగనే యుండెను. 1687 డిసెంబరులో కంపెనీవా రిచ్చిన సన్నదు ననుసరించి 1688 సెప్టెంబరు 29వ తేదీని గార్పొరేషను స్థాపితమయ్యెను. ఆ సన్నదులో దాని యధికారము కోటకుఁ బదిమైళ్ల దూరమునకు మించరాదని వ్రాయఁబడినది. అప్పటికిఁ గంపెనీ చేతిలోనున్న నేల యందులో స్వల్పభాగమే. కావున నిది యున్న హద్దు కాదు, కోరిన హద్దు. 1798లో న్యాయస్థానాధికారము నిమిత్తము నిజముగా రేఖ గీయఁబడెను. దక్షిణమున శాంతోము నది, అనఁగా నడయారు, దాని దక్షిణపుటొడ్డు హద్దు. పడమర మైలాపూరి పొడవు చెఱువుగట్టును, నుంగంబాకపుఁ జెఱువుగట్టును హద్దు. అటనుండి కీళ్పాకము పెరంబూరుల మీఁదుగా సముద్రమువఱకు. నదికి దక్షిణపుటొడ్డు హద్దని చెప్పుటచే నది నగరములోఁ జేరినది. ఇది శాస్త్రకారుల యభివిధి. 1801లో స్థాపితమైన సుప్రీముకోర్టున కీ రేఖలోపల నున్నవారు లోఁబడిరి. గట్టు కీవలి రైతున కొక ధర్మము, ఆవలి రైతున కొక ధర్మమునయ్యెను.

పందొమ్మిదవ శతాబ్దమున నగరపు వైశాల్యము సుమా రిరువదియేడు చదరపు మైళ్లుగ నిలిచిపోయెను. 1901వ సంవత్సరపు జనాభాలెక్కలో నా నేలయందు 5,09,346 మంది యుండిరి. జనము పెరుగఁగా హద్దు వెలుపలికి జరుగుటకుముందు చెఱువులోనికి జరిగినది. 1923 మొదలు పొడవు చెఱువును బూడ్చి నగరపు సభాధ్యక్షుఁడై యుండిన పిట్టి త్యాగరాయసెట్టిగారి పేరఁ ద్యాగరాయనగరము నిర్మింపఁబడెను. నుంగంబాకపుఁ జెఱువునకును దరువాత నదియే గతి పట్టినది. హద్దుగా నిలిచిన జలాశయములే నగరమధ్యములైనవి. 1946లో సైదాపేట మునిసిపాలిటీయుఁ, జెంగల్పట్టు జిల్లాలోని కొన్ని గ్రామములును గార్పొరేషనులోఁ గలుపఁబడినవి. 1941లో 7,77,481గా నున్న జనసంఖ్య 1951లో 14,16,056 అయ్యెను. వలసవచ్చినవా రందుఁ బెక్కుమందియే. కాని కదలక తమయూరనే యుండి నగరవాసులైనవారును గలరు.

ఈ విస్తరణమునకు వెనువెంటనే భాషారాష్ట్ర వివాదము తీవ్రమయ్యెను. “మదరాసు మనదే” యని యాంధ్రులును, మ. పొ. శివజ్ఞానము మొదలగువారి నాయకత్వమునఁ దమిళులును వాదించిరి. ఆంధ్రులు చూపిన కారణములు దామెర్లవారి దానమును, పెద్దనాయనిపేట మొదలగు పేటల నిర్మాణమును, వర్తకుల కృషియు. వీనికిఁ దగిన హద్దు 1639వ నాఁటిది, లేదా కూవమునకు నుత్తరమున నున్న పాతపట్టణము. అందుచేతనే కూవమును సరిహద్దుగఁ జేసి యుత్తరభాగమైన నియ్యవలయునను కోర్కె పుట్టినది. తమిళులు చూపినది సమస్తనగర జనసంఖ్యయుఁ, జుట్టునున్న చెంగల్పట్టు జిల్లాయు. వానికిఁ దగిన హద్దు 1946వ నాఁటిది. ఉభయులును బలికిన పద మొక్కటియే గాని, వారు తలంచిన నగరము లొక్కటి గావు. 1949లో జవహర్‌లాల్, వల్లభభాయి, పట్టాభి సంఘమువా రాంధ్రులు నగరముపైఁ గోర్కె విడిచినచో రాష్ట్ర మీయవచ్చునని నివేదించిరి. తరువాతి విభజన సంఘమునఁ బ్రకాశం పంతులుగారు భిన్నాభిప్రాయము వ్రాసిరి. పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న మైలాపూరునందు బులుసు సాంబమూర్తిగారి యింట నిరశనము పూని, డిసెంబరు 15న నసువులు బాసిరి. 1953 అక్టోబరు 1న నాంధ్రరాష్ట్ర మేర్పడెను. చెన్నపట్టణము దానిలోఁ జేరలేదు. న్యాయ మెవరిదైనను, ఒకటి మాత్రము నిశ్చయము: ఏ హద్దుగల నగరమును గూర్చి తీర్పు చెప్పవలయునో యా విషయము సభలలో ముందుగా నిర్ణయింపఁబడలేదు. పాటస్కరుగారి మధ్యవర్తిత్వమున 1960 ఏప్రిలు 1న దిరుత్తణి మదరాసు రాష్ట్రమునకును, బొన్నేరి తిరువళ్లూరు తాలూకాలలోని కొన్ని గ్రామము లాంధ్రప్రదేశమునకును మాఱినవి. అప్పుడు గ్రామమును బ్రమాణముగాఁ గైకొనుటచేఁ దగవు తీఱుట కవకాశము కలిగినది.

తరువాతి మార్పులు వేగముగ సాగినవి. 1974లో మహానగరాభివృద్ధి సంస్థకుఁ జట్టబద్ధత కలిగి, 1,189 చదరపు కిలోమీటర్లు దాని పరిధియయ్యెను. 1996లో నగరమునకు రాజకీయముగఁ జెన్నై యను పేరే స్థిరమయ్యెను. ఆంధ్రులకు దక్కని నగరము పేరు మాత్రము చెన్నప్ప పేరను బోలియే నిలిచినది. 2011లో నలువదిరెండు స్థానికసంస్థలను, అనఁగాఁ దొమ్మిది మునిసిపాలిటీలను, ఎనిమిది పట్టణ పంచాయతులను, ఇరువదియైదు గ్రామ పంచాయతులను, గలుపఁగాఁ గార్పొరేషను 174 చదరపు కిలోమీటర్లనుండి 426 చదరపు కిలోమీటర్లయ్యెను. జిల్లా హద్దు దానితో సరిపడుట కింక నేడేండ్లు పట్టెను. 2018లో నది జరిగినది. ఆ నడుమ నొక యూరివాఁడు చెత్త యెత్తుటకుఁ జెన్నైవాఁడును, భూమిపత్రముల కన్యజిల్లావాఁడును. ఆవడి 2019లోను, తాంబరము 2021లోను వేఱు కార్పొరేషనులైనవి. 2022లో మహానగర పరిధి నైదు జిల్లాలకు వ్యాపించునట్లు 5,904 చదరపు కిలోమీటర్లకుఁ బెంచుచు నుత్తరువు వెడలెను.

2011లోఁ జేరిన యూళ్ల పట్టికను 1708, 1742 సంవత్సరముల పట్టికలతోఁ బోల్చి చూచినచోఁ దిరువొత్తియూరు, కత్తివాకము, సడయంకుప్పము రెండింటను గానవచ్చును. కంపెనీ భూములలో నొకప్పుడు చేరి, న్యాయస్థానపు రేఖకు వెలియై, మూఁడు శతాబ్దములకు మరల నగరములో నవి ప్రవేశించినవి. కావున నగరము నడుమనుండి వెలుపలికి వ్యాపించుచుఁ బోయిన వృత్తమని తలఁచుట సరికాదు. అది గ్రామముల సమాసము. సమాసమునఁ బదములు విభక్తిని గోల్పోయినను బ్రాతిపదికములు నశింపవు. విగ్రహవాక్యము చెప్పనిదే యర్థము బోధపడదు.

నీరు మాత్ర మే హద్దును లెక్కింపలేదు. 2015 డిసెంబరులో నడయారు పొంగినప్పుడు, నగరము వెలుపల నున్న చెంబరంబాకపుఁ జెఱువునుండి విడిచిన నీరును, నడుమఁ గలిసిన చెఱువుల నీరును నగరములోనిపేటలను ముంచినవి. త్రాగునీటి విషయమును నిట్టిదే. 1983లో నాంధ్రప్రదేశముతో జరిగిన యొడంబడిక ననుసరించి, శ్రీశైలమునుండి కండలేరు మీఁదుగాఁ దెలుఁగుగంగ కాలువ పూండి జలాశయమునకుఁ గృష్ణాజలమును దెచ్చుచున్నది. 1996లో నా నీరు మొదట నటకుఁ జేరినది. రాజ్యాంగముచే వేఱైన నగరమును దేశము నీటిచే నిట్లు మరలఁ గలిసినవి. దాహమును బట్టి హద్దు గీసినచోఁ జెన్నపట్టణము శ్రీశైలమువఱకుఁ గలదు. అది మర్యాదయా, యభివిధియా యనుట పైరెండుచోట్లఁ గృష్ణ నాధారపడినవారు తేల్చుకొనవలసినది.

ఇకమీఁద నే రేఖ గీయఁబడినను, అది యే ప్రయోజనమునకో ముందుగాఁ జెప్పవలయును. చేరు గ్రామముల పేళ్లును, వాని చెఱువులును, గట్లును లెక్కకెక్కవలయును. పొడవు చెఱువునకు నాఁ డీలెక్క లేకపోయెను.