ఒక్క డిస్కులో సినిమా: బొమ్మ ఎక్కడ చెడుతుంది?

డీవీడీలో బొమ్మ బాగా లేకపోతే డిస్కును తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు అందులోని చోటును పంచిన తీరులో ఉంటుంది. ఒకే పొర ఉన్న డీవీడీలో పట్టేది 4.7 గిగాబైట్లు. 2 గంటల 40 నిమిషాల తెలుగు సినిమాను అందులో సర్దితే, శబ్దంతో కలిపి సెకనుకు దక్కేది సగటున 3.9 మెగాబిట్లే. డీవీడీ ప్రమాణం బొమ్మ ఒక్కదానికే 9.8 వరకు అనుమతిస్తుంది.

ఈ సగటును ప్రతి సెకనుకూ సమానంగా పంచితే, కూర్చుని మాట్లాడుకునే సన్నివేశంలో బిట్లు వృథా అవుతాయి. వానలో ఫైటో, గుంపు డ్యాన్సో వచ్చేసరికి చాలక బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతుంది. దీనికి విరుగుడు టూ-పాస్ ఎన్‌కోడింగ్. మొదటి విడతలో సాఫ్ట్‌వేర్ సినిమా మొత్తం పరిశీలించి ఏ సన్నివేశానికి ఎంత కావాలో లెక్క కడుతుంది. రెండో విడతలో ఆ లెక్క ప్రకారం కుదిస్తుంది. సమయం దాదాపు రెట్టింపు పడుతుంది, పడనివ్వాలి. పాత ప్రింటులోని గీతలు, గరుకుదనం కూడా బిట్లు తినేస్తాయి కాబట్టి వాటిని ముందే కొంత తగ్గించుకోవడం మేలు. మరీ తగ్గిస్తే ముఖాలు మైనం బొమ్మల్లా తయారవుతాయి.

ఇక ఒకే పొర డిస్కులో అలాంటి మూడు సినిమాలు కుక్కితే ఏ కిటుకూ పనిచేయదు. ఒక్కోదానికి మిగిలేది 1.3 మెగాబిట్లు, అంటే పాత వీసీడీ స్థాయి. వీసీడీ బొమ్మ 352×288 చుక్కలే, డీవీడీలో 720×576. అవే బిట్లు నాలుగు రెట్ల చుక్కలకు సరిపెట్టాలి.