విషయజ్ఞుల యన్వేషణము: పరిశోధన సూచికల చరిత్ర

ఒక విషయమును గూర్చి పరిశోధన మారంభించువానికి రెండు ప్రశ్న లెదురగును. ఆ విషయమును గూర్చి యిదివఱకు వ్రాయబడిన దేమి యన్నది మొదటిది. నేడు దానిని గూర్చి కృషి చేయుచున్న వారెవ్వరన్నది రెండవది. మొదటిదానికి గ్రంథాలయము సమాధాన మీయగలదు. రెండవదానికి గ్రంథాలయ మొక్కటే చాలదు. గ్రంథము నిలిచియుండును, గ్రంథకర్త కీర్తిశేషుడు కావచ్చును, విశ్రాంతి గైకొనియుండవచ్చును, లేదా వేఱొక విషయమునకు మరలియుండవచ్చును. విద్యార్థికి పర్యవేక్షకుని, సిద్ధాంతగ్రంథమునకు పరీక్షకుని, సదస్సునకు వక్తను ఎన్నుకొనునపుడు ఈ రెండవ ప్రశ్నయే ముఖ్యము. ఎన్నిక తప్పినచో పేరుగల పండితునికి కలుగు నష్టమేమియు లేదు, నష్టము విద్యార్థిదే. ఈ ప్రశ్నకు సమాధానము నొసగు సాధనము లెట్లు పుట్టినవి, వాని నుపయోగించు పద్ధతి యెట్టిది, తెలుగు పరిశోధనకు వానియం దెంత చోటు కలదు అను మూడంశములను విచారించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

1. పరిచయముచే తెలియుట

సూచికలు లేని కాలమున విషయజ్ఞుని కనుగొనుటకు పరిచయ మొక్కటే మార్గము. 19వ శతాబ్దిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగు కావ్యముల ప్రతులను సేకరించి, జూలూరి అప్పయ్య మొదలగు పండితులచే వానిని శోధింపజేసెను. 20వ శతాబ్ది యారంభమున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును నిర్మింప బూనినపుడు మల్లంపల్లి సోమశేఖరశర్మగారు వారికి సహాయులైరి. ఇట్టి కార్యములన్నియు ఒకరివలన నొకరు తెలియుటచేతనే సాగినవి. ఈ మార్గమునకు గొప్ప గుణ మొకటి కలదు: చెప్పువాడు తా నెఱిగిన మనుష్యుని గూర్చి చెప్పును. గొప్ప లోపమును కలదు: తా నెఱుగనివానిని గూర్చి యతడు చెప్పజాలడు. రాజధానులకును విద్యాపీఠములకును దూరముగ నున్నవాడు ఎంత కృషి చేసినను ఆ పరిచయ వలయములో చేరనంతవఱకు లేనివానితో సమానుడే.

2. గ్రంథసూచి నుండి వ్యాససూచికి

ఐరోపాలో ముద్రణము వ్యాపించిన తరువాత గ్రంథకర్తల పట్టికలు బయలుదేఱినవి. జూరిచ్ నగరవాసియగు కాన్రాడ్ గెస్నర్ 1545లో ప్రకటించిన ‘బిబ్లియోథెకా యూనివర్సాలిస్’ లాటిను, గ్రీకు, హీబ్రూ భాషల గ్రంథములను కర్తల పేళ్ల ననుసరించి అకారాది క్రమమున కూర్చిన బృహత్సూచి. 1548లో దానినే విషయక్రమమున అమర్చు భాగమును గూడ నతడు వెలువరించెను. కర్తపేర వెదకుట, విషయముపేర వెదకుట అను రెండు త్రోవలు అప్పుడే యేర్పడిన వనవచ్చును. కాని గెస్నర్ పట్టికలో ప్రాచీనులును, సమకాలికులును ఒకే వరుసలో నుండిరి. జీవించి కృషి చేయుచున్న వారిని వేఱుపఱచుట ఆ గ్రంథముయొక్క పని కాదు.

1665లో పారిస్ నగరమున ‘జుర్నాల్ దె సావాఁ’, లండనున ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ అను పత్రికలు వెలువడుటతో ఈ స్థితి మాఱెను. పత్రికలో వ్యాసము వచ్చినదనగా ఆ సంవత్సరమున ఆ విషయమును గూర్చి యొకడు పనిచేయుచుండెననుటకు అదియే సాక్ష్యము. అయితే రెండు శతాబ్దులు గడచునప్పటికి పత్రికలు లెక్కకు మిక్కిలియై, సూచిక లేనిదే వానిలోని వ్యాసము దొఱకని స్థితి వచ్చినది. 1855లో గ్లాస్గోలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సమావేశమునకు అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ హెన్రీ ఒక సూచన పంపెను. దాని ఫలితముగ రాయల్ సొసైటీవారు శాస్త్రవ్యాసముల సూచిని నిర్మించిరి. 1867 మొదలు 1925 వఱకు 19 సంపుటములుగ వెలువడిన ఈ సూచి 1800 మొదలు 1900 వఱకు గల వ్యాసములను కర్తృక్రమమున చూపును. కడపటి సంపుటము వెలువడునప్పటికి అందలి కడపటి వ్యాసమునకు పాతికేండ్లు నిండినవి! చరిత్రకారున కది నిధి; ప్రస్తుత విషయజ్ఞుని వెదకువానికి అది కాలాతీతము. ఈ యాలస్యమును నివారింప యత్నించినవానిలో 1879లో జాన్ షా బిల్లింగ్స్ ప్రారంభించిన ‘ఇండెక్స్ మెడికస్’ ముఖ్యమైనది. వైద్యవ్యాసములను నెలనెలకు విషయక్రమమున అందించుట దాని విశేషము.

3. ఉల్లేఖన సూచిక

సూచికలు పెరిగిన కొలది మఱియొక సమస్య యేర్పడెను. పట్టికలో పేరున్న ప్రతివాడును విషయజ్ఞుడేనా? 1926లో ఆల్ఫ్రెడ్ లోట్కా రసాయన, భౌతిక శాస్త్రముల సూచికలలోని కర్తలను లెక్కించి యొక సూత్రమును ప్రతిపాదించెను. ఒక్క వ్యాసము మాత్రమే వ్రాసినవారు నూటికి సుమారు 60 మంది. రెండు వ్యాసములు వ్రాసినవారు వారిలో నాల్గవ వంతు, మూడు వ్రాసినవారు తొమ్మిదవ వంతు. అనగా సూచికలో కనబడు పేళ్లలో సగమునకు మించి ఆ విషయమును ఒకమాఱు స్పృశించి విడిచినవారివే. కావున పేరు దొఱకినంత మాత్రమున విషయజ్ఞుడు దొఱకినట్లు కాదు.

ఇచ్చట న్యాయశాస్త్రము నుండి యొక సహాయము లభించినది. అమెరికాలో ఫ్రాంక్ షెపర్డ్ 1873లో న్యాయస్థానముల తీర్పుల కొక సూచికను ప్రారంభించెను. ఒక పూర్వపు తీర్పును తరువాతి తీర్పు లెవ్వి యుదాహరించినవో అది చూపును. ఈ పద్ధతిని శాస్త్రవ్యాసములకు అన్వయింపవచ్చునని యూజీన్ గార్ఫీల్డ్ 1955లో ‘సైన్స్’ పత్రికలో ప్రతిపాదించి, 1960ల తొలిభాగమున ‘సైన్స్ సైటేషన్ ఇండెక్సు’ను నెలకొల్పెను. 1961వ సంవత్సరపు శాస్త్రసాహిత్యమునకు సంబంధించిన దాని తొలి కూర్పు 613 పత్రికలను పరిశీలించినది. మానవీయ శాస్త్రముల కిట్టి సూచిక 1978లో వెలువడినది.

ఈ మార్పుయొక్క ప్రాముఖ్యమును చక్కగా గ్రహింపవలెను. వ్యాసాంతమున నుండు ఉపయుక్త గ్రంథముల పట్టిక మనలను వెనుకకు గొనిపోవును. ఉల్లేఖన సూచిక ముందునకు గొనివచ్చును. ఒక విషయమున ప్రామాణికమని పేరొందిన పాత వ్యాసము నొకదానిని గైకొని, దానిని గత నాలుగైదేండ్లలో నెవ్వరు పేర్కొనిరో చూచినచో, నేడు ఆ విషయమున కృషి చేయుచున్నవారి పట్టిక తనంతట తానే యేర్పడును. మన రెండవ ప్రశ్నకు ఇది మొట్టమొదటి సూటియైన సమాధానము.

అయితే ఉల్లేఖనముల సంఖ్యను పాండిత్యమునకు కొలబద్దగా గొనుట వేఱు విషయము. పేరుగలవారికే మఱింత పేరు చేరునని రాబర్ట్ మెర్టన్ 1968లో నిరూపించెను. మరణించినవారి గ్రంథములకు గూడ ఉల్లేఖనములు పెరుగుచునే యుండును. కావున అధిక సంఖ్య గతకీర్తిని చెప్పునే గాని వర్తమాన కృషిని చెప్పదు.

4. యంత్రగణకముల కాలము

1964లో అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయము తన సూచికను కంప్యూటరునకు ఎక్కించినది. 1971లో దానిని దూరము నుండి వెదకు ‘మెడ్‌లైన్’ ఏర్పడి, 1997లో ‘పబ్‌మెడ్’ రూపమున అందఱకును ఉచితమైనది. గార్ఫీల్డు సూచిక 1997లో ‘వెబ్ ఆఫ్ సైన్సు’ అయినది. 2004లో ‘స్కోపస్’, ‘గూగుల్ స్కాలర్’ రెండును వెలువడినవి. ఒకే పేరుగలవారిని వేఱుపఱచుటకై 2012లో ‘ఆర్కిడ్’ అను పదునాఱంకెల గుర్తింపు సంఖ్య వచ్చినది. 2022లో ‘ఓపెన్ ఆలెక్స్’ అను ఉచిత సూచిక వెలసినది.

మన దేశమున విశ్వవిద్యాలయ సిద్ధాంతగ్రంథములను ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ‘శోధగంగ’ అందించుచున్నది. ఆ సంస్థయే ‘విద్వాన్’ అను పేర విషయజ్ఞుల పట్టికను గూడ నిర్వహించుచున్నది. శోధగంగలో గ్రంథకర్త పేరే గాక పర్యవేక్షకుని పేరును, శాఖయు, సంవత్సరమును ఉండుటచే, ఒక విషయమున ఇటీవల విద్యార్థులచే పరిశోధన చేయించిన వారెవ్వరో తెలియును. ఇది వ్యాససూచికలలో దొఱకని సమాచారము.

5. అన్వేషణ పద్ధతి

ఈ చరిత్రనుండి యొక పద్ధతి యేర్పడుచున్నది. మొదట విషయమునకు గల పర్యాయపదములనన్నిటిని వ్రాసికొనవలెను. శాసనభాషను గూర్చి వెదకువాడు ‘శాసనము’ అను మాటతోనే ఆగరాదు. ‘లిపిశాస్త్రము’, ‘ప్రాఙ్నన్నయయుగము’, ఆంగ్లమున వానికి సరియైన పదములు, వాని వేఱువేఱు వర్ణక్రమములు అన్నియు వెదకవలెను. రెండవది, ఫలితములను గత అయిదేండ్లకు పరిమితము చేయవలెను. పాత సంచికలను భద్రపఱచు ‘జేస్టోర్’ వంటి నిధులలో పెక్కు పత్రికల యిటీవలి సంచికలు కొన్ని యేండ్లవఱకు చేరవు. వర్తమాన కృషికి అవి ప్రమాణములు కావు. మూడవది, రెండు మూడు వ్యాసములకు తక్కువ గాకుండ వ్రాసినవారిని వేఱుపఱచవలెను. లోట్కా సూత్రము దీనికి కారణము. నాల్గవది, ఆ వ్యాసములలో విషయము ప్రధానమో ప్రాసంగికమో చదివి తెలిసికొనవలెను. అయిదవది, ఆ వ్యక్తి యిప్పు డెచ్చట నున్నాడో, ఏమి చేయుచున్నాడో ఆయా సంస్థల పట్టికలతో సరిచూడవలెను. ‘విద్వాన్’ వంటి పట్టికలో వివరములు విషయజ్ఞులే నింపుదురు గనుక, కడపటిసారి నవీకరించిన కాలమును గమనింపవలెను. కడపటిది, దొఱకిన యిద్దఱు ముగ్గురను ‘ఈ విషయమున ఇంకను ఎవ్వరు పనిచేయుచున్నారు?’ అని యడుగవలెను. సూచిక పూర్వపు పరిచయ మార్గమును రద్దు చేయలేదు. దానికి సరియైన ద్వారమును మాత్రము చూపినది.

6. తెలుగు పరిశోధన స్థితి

ఈ సాధనములలో తెలుగున కెంత చోటు కలదు? అంతర్జాతీయ సూచికలు కొన్ని పత్రికలనే యెన్నుకొనును. వానిలో అధికభాగ మాంగ్లపత్రికలు. 1924 మొదలు 1991 వఱకు వెలువడిన ‘భారతి’లోని పరిశోధన వ్యాసములను వానిలో వెదకుట వృథా. నేటి తెలుగు పత్రికలకును ఇంచుమించుగ ఇదే గతి.

దీనికి మూడు కారణములు కానవచ్చుచున్నవి. మొదటిది లిపి. తెలుగు ముద్రణాలయములు చిరకాలము యూనికోడ్ గాని అక్షరముల నుపయోగించినవి. అట్టి పుట కంటికి తెలుగే గాని యంత్రమునకు అర్థములేని సంకేతముల వరుస. ఛాయాచిత్రములుగ నెక్కించిన సంచికల స్థితియు నిట్టిదే. రెండవది పేరు. మనకు ఇంటిపేరు ముందుండును. పాశ్చాత్య సూచికలు కడపటి పదమును వంశనామముగ గొనును. అందుచే ఎందఱో వేఱువేఱు పండితులు ‘రావు’ క్రింద నొక్కటై పోవుదురు. ఒకే ‘వెంకటేశ్వరరావు’ రోమను లిపిలో మూడు నాలుగు విధముల వ్రాయబడి మూడు నాలుగు వ్యక్తులగును. మూడవది, మన పత్రికలు పెక్కింటికి వార్షిక సూచికలు లేకపోవుట.

దీని ఫలితము సామాన్యము కాదు. ఒక చిన్న కళాశాలలో పనిచేయుచు పదేండ్లుగా తెలుగు పత్రికలలో జానపద వృత్తిపదములను గూర్చి వ్రాయుచున్న ఉపన్యాసకుడు సూచికలో కానరాడు. ఆ విషయమును ఆంగ్లమున ఒకమాఱు స్పృశించినవాడు కానవచ్చును. సూచికను మాత్రమే నమ్మిన విశ్వవిద్యాలయము రెండవవానిని పరీక్షకునిగ పిలుచును. మొదటివాని కృషి యెఱుగని పరీక్షకుడు విద్యార్థి కొత్తదన మెందున్నదో నిర్ణయింపజాలడు. పరిచయమార్గమున నున్న అన్యాయమే యంత్రరూపమున మరల వచ్చినట్లగును.

నివారణము మన చేతిలో లేకపోలేదు. తెలుగు శాఖలు ప్రతిసంవత్సరము తమ పరిశోధకుల పేళ్లను, విషయములను, పర్యవేక్షకులను తెలుగు, రోమను లిపులు రెండింటను ప్రకటింపవలెను. ప్రతి పరిశోధకుడును తన పేరునకు ఒకే రోమను రూపమును స్థిరపఱచుకొని ఆర్కిడ్ సంఖ్యను గైకొనవలెను. పత్రికలు యూనికోడున ముద్రించి, ప్రతివ్యాసమునకు విషయపదములు చేర్చి, సంవత్సరాంతమున సూచికను వెలువరింపవలెను. వీనిలో ఏదియు అధికధనముతో గూడిన పని కాదు.

మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా నుండిన రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన గ్రంథాలయ పంచసూత్రములలో ప్రతి పాఠకునికి అతని గ్రంథమును, ప్రతి గ్రంథమునకు దాని పాఠకుని చేర్పవలెనన్న నియమములు కలవు. వానినే యిచ్చట అన్వయించినచో ప్రతి పరిశోధన విద్యార్థికి తగిన విషయజ్ఞుని, ప్రతి విషయజ్ఞునికి తగిన విద్యార్థిని చేర్చుట సూచికల ధర్మమగును. ఆ ధర్మము తెలుగున నెఱవేఱుటకు ముందు మన పేళ్లను, మన వ్యాసములను, మన సంవత్సరములను మనమే సక్రమముగ వ్రాసి యుంచుకొనవలసియున్నది.