సగం వజీఫా

2020 ఏప్రిల్ మొదటివారం. లాల్‌దర్వాజా గల్లీలో మనిషి అలికిడి లేదు. లాక్‌డౌన్ మొదలై రెండు వారాలు కావస్తోంది. చార్మినార్ చుట్టూ తోపుడుబండ్లు లేవు, లాడ్‌బజార్ షట్టర్లు లేవలేదు. అరుగు మీద కూర్చున్న రిటైర్డ్ మాస్టారి జేబులో ఫోను మోగింది. బ్యాంకు మెసేజ్. కళ్లద్దాలు తుడుచుకుని రెండోసారి చదివారు.

"ఏమైంది? గట్ల చూస్తున్నరు?" లోపలి నుంచి భార్య.

"మార్చి పింఛన్ పడ్డది. సగమే పడ్డది."

"మిగిలింది రేపు పడ్తదేమో."

"రేపు కాదు. ఎప్పుడో వాళ్లకే తెల్వదు."

ఈ మాస్టారు ఏ ఒక్కరో కాదు. ఆ వారం పాతబస్తీలో ఇదే మెసేజ్ చూసుకున్న విశ్రాంత ఉద్యోగులందరినీ కలిపి గీసిన బొమ్మ. ఆయన ఇంటి సంగతులు, ఇంటి అంకెలు ఊహించి రాసినవి. జీవోలు, తేదీలు, కోర్టు సంగతులు మాత్రం జరిగినవే.

మాస్టారికి లెక్కల బుక్కు అలవాటు. ఎడమ పక్క వచ్చేది, కుడి పక్క పోయేది. ఎడమ పక్క ఎప్పుడూ ఒకటే పద్దు: పింఛన్ 28,000. కుడి పక్కకు పేజీ చాలదు. బియ్యం, పాలు, కరెంటు బిల్లు, బీపీ గోలీలు, షుగర్ గోలీలు, ఆమె మోకాళ్ల మందు. బట్టల దుకాణంలో పనిచేసే చిన్నకొడుకు ఇంటి కిరాయి కూడా దుకాణం మూతపడ్డాక ఈ పేజీలోకే వచ్చింది. ఆ రోజు ఎడమ పక్క 14,000 అని వేసి, దాని కింద ఇంకో పద్దు రాసుకున్నారు: 'రావలసింది 14,000.'

అసలు ఆ 28,000 కూడా నిండు పింఛన్ కాదు. 2008లో 58 ఏళ్లకు రిటైరైనప్పుడు, బిడ్డ పెళ్లికని అప్పటి పింఛన్‌లో 40 శాతం కమ్యూట్ చేశారు. అంటే ఆ భాగాన్ని సర్కారుకు వదిలేసి, బదులుగా ఒకేసారి పెద్దమొత్తం తీసుకున్నారు. పదిహేనేళ్లు నిండాకే ఆ భాగం మళ్లీ చేతికొస్తుంది. అమ్ముకోగా మిగిలిన దాంట్లో ఇప్పుడు సగం ఆగింది.

ఆపింది 2020 మార్చి 30న వచ్చిన తెలంగాణ ఆర్థికశాఖ జీవో 27. కరోనాతో రాబడి పడిపోయిందంటూ ప్రభుత్వం జీతాల్లో కొంత భాగాన్ని వాయిదా వేసింది. ముఖ్యమంత్రి, మంత్రులు, ఎమ్మెల్యేలకు 75 శాతం, ఐఏఎస్, ఐపీఎస్‌లకు 60, మిగతా ఉద్యోగులకు 50, నాలుగో తరగతి వాళ్లకు 10. అదే వరుసలో పింఛనుదారులకు 50 శాతం. నాలుగో తరగతిలో రిటైరైన వారికి మాత్రం 10. సర్వీసులో ఉన్నవాడికి ప్రమోషన్ ఉంటుంది, అప్పిచ్చేవాడుంటాడు. డెబ్బై ఏళ్లవాడికి అప్పెవరిస్తారు?

సాయంత్రం పాత దోస్తు ఫోన్ చేశాడు. ఆయనా మాస్టారే, ఉర్దూ మీడియం.

"సుబుక్‌దోష్ అయినమనుకున్నం గదా మాస్టర్ సాబ్. సుబుక్‌జేబ్ చేసిండ్రు!"

ఇద్దరూ నవ్వారు. హైదరాబాదీ ఉర్దూలో రిటైర్మెంటును 'వజీఫా-ఎ-హుస్నె ఖిద్మత్' మీద 'సుబుక్‌దోష్' కావడం అంటారు. మంచి సేవకు దక్కిన వజీఫాతో, అంటే పింఛన్‌తో, భుజాల బరువు దించుకోవడమన్నమాట. భుజాలకు బదులు జేబులు తేలికయ్యాయని దోస్తు వేళాకోళం.

ఈ ఊళ్లో వజీఫా అన్న మాటకు పాత వేళ్లున్నాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1907లోనే, ఉద్యోగుల ఇంటివాళ్ల కోసం ఫ్యామిలీ పెన్షన్ ఫండ్ పెట్టారు. 1913లో దాని స్థానంలో జీవిత బీమా వచ్చింది. ఇవాళ్టి ప్రభుత్వ జీవిత బీమా శాఖకు మూలం అదే. చౌమహల్లా ప్యాలెస్ దగ్గరి మోతీగల్లీ అంటే పాతబస్తీ పెద్దమనుషులకు నేటికీ పింఛన్ దఫ్తరే గుర్తొస్తుంది.

కాకపోతే ఆ అందమైన మాటలో ఓ చిక్కుంది. 'మంచి సేవకు' అనగానే ఇనాం వాసన తగులుతుంది. ఇనాం ఇచ్చే చెయ్యి తగ్గించనూ గలదు.

మర్నాడు ఎదురింటి గాజులామె గడపలో నిలబడింది. లక్క గాజులకు అద్దాలు అతికి అతికి చూపు మందగించిన మనిషి.

"మీకు కట్ అయిందంట గదా సార్? నాది కాలే. రెండు వేల పదహారు మొత్తం వస్తదంట."

మాస్టారికి తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమెది పేదలకు సర్కారిచ్చే ఆసరా పింఛన్. అది మొత్తం కలిపినా మాస్టారి కోతలో ఏడో వంతు. నలభై ఏళ్లు గాజులు చేసినా జీతమన్నది లేదు కాబట్టి, జీతంలోంచి దాచిపెట్టిన పింఛనూ లేదు. పాతబస్తీలో వజీఫా అందుకునే ఇల్లు ఒకటుంటే, చుట్టూ ఆమెలాంటి ఇళ్లే ఎక్కువ.

ఏప్రిల్ పింఛన్‌కొచ్చేసరికి కోత 25 శాతానికి తగ్గింది. మే నెలకూ అంతే. ఈలోగా గొడవ హైకోర్టుకెక్కింది. నయాపూల్ పక్కన, మూసీ ఒడ్డున 1920లో తెరిచిన ఆ ఎర్రరాతి భవనానికి సరిగ్గా నూరేళ్లు నిండిన ఏడాది అది. అక్కడ తేలాల్సిన ప్రశ్న ఒక్కటే: పింఛన్ ఆపడానికి ఏ చట్టం ఒప్పుకుంటుంది?

దానికి జవాబు ఎప్పుడో ఉంది. పింఛన్ దయాదాక్షిణ్యం కాదు, హక్కు అని దేవకీనందన్ ప్రసాద్ కేసులో 1971లోనే సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత డీఎస్ నకారా వచ్చారు. రక్షణశాఖలో ఆర్థిక సలహాదారుగా పనిచేసి 1972లో రిటైరైన ఉద్యోగి. 1979 మార్చి 31 నుంచి రిటైరయ్యేవారికే మెరుగైన పింఛన్ లెక్క వర్తిస్తుందని కేంద్రం గీత గీస్తే, ఆ గీత మీదే కేసు వేశారు. 1982 డిసెంబర్ 17న అయిదుగురు జడ్జీల ధర్మాసనం ఆ గీతను చెరిపేసింది. ఆ అయిదుగురిలో మన తెలుగువాడు జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఒకరు. ఏటా డిసెంబర్ 17న పెన్షనర్స్ డే జరుపుకునేది ఆ తీర్పు పేరు మీదే.

జవాబు అంత స్పష్టంగా ఉన్నా, 2020 జూన్ 16న తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. విపత్తు వేళ జీతం, పింఛన్‌లలో సగం దాకా వాయిదా వేసే అధికారం అందులో రాసుకుంది. ముందు కోత, వెనక చట్టం. ఆగిన సొమ్మును ఆ ఏడాది చివరి నెలల్లో విడతలుగా ఇచ్చారు.

పొరుగున ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే వాయిదా. అక్కడ దినవహి లక్ష్మీ కామేశ్వరి అనే విశ్రాంత జిల్లా జడ్జి హైకోర్టుకెళ్లారు. ఆగిన సొమ్ము 12 శాతం వడ్డీతో ఇవ్వాలని 2020 ఆగస్టులో హైకోర్టు తీర్పు చెప్పింది. 2021 ఫిబ్రవరి 8న సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది గానీ, ఇవ్వక తప్పదన్న మాట తగ్గించలేదు.

లాల్‌దర్వాజాలో మాస్టారు చివరి విడత పడ్డ రోజున బుక్కు తెరిచి 'రావలసింది' పద్దు కొట్టేశారు. భార్య అడిగింది.

"మొత్తం ఇచ్చిండ్రా?"

"పైసలైతే ఇచ్చిండ్రు. ఏప్రిల్ నెల ఇయ్యలే."

పింఛన్ ఇనాం కాదు, పనిచేసిన కాలంలో చేతికివ్వకుండా దాచిపెట్టిన జీతం. దాన్ని ఆపాలనుకునే ఏ సర్కారైనా జీవో కన్నా ముందు చట్టం చూపాలి. జీతమే ఎరగని గాజులామెకు బతకడానికి చాలినంత ఇవ్వడం, మాస్టారి పింఛన్ ఇచ్చినంత కచ్చితంగా సర్కారు తీర్చాల్సిన బాకీ.