ఇంగ్లీషు కూరలు, తెలుగు పోపు

తద్దినానికి కూరలు తేబోయే మనిషికి ఇంటి పెద్దావిడ ఇప్పటికీ ఒక మాట గట్టిగా చెప్పి పంపుతుంది: ఇంగ్లీషు కూరలు తేవద్దు. ఆ ఒక్క మాటతో క్యాబేజీ, కాలీఫ్లవరు, బంగాళాదుంప, టమాటా, క్యారెట్ బజారులోనే ఆగిపోతాయి. సంచిలోకి అరటికాయలు, కంద, పెండలం, చేమదుంపలు, కాకరకాయలు వస్తాయి. దొరికితే నాలుగు నల్లేరు కాడలు కూడా. చాలా ఇళ్లలో ఆ రోజు వంటలో మిరపకాయ వాడరు. కారమంతా మిరియాలు, అల్లం చూసుకోవాల్సిందే.

ఈ వంటకో కథ ఉంది. వసిష్ఠుడు ఆబ్దికానికి పిలిస్తే, వెయ్యెనిమిది కూరలు వడ్డించాలని విశ్వామిత్రుడు షరతు పెట్టాడట. అరుంధతి విస్తట్లో వేసినవి పట్టుమని డజను కూడా లేవు. కాకరకాయ వంద కూరల పెట్టు, నల్లేరు మూడు వందల పెట్టు, పనస ఆరు వందల పెట్టు, పైన మరో ఎనిమిది కూరలు ఉన్నాయి కనుక లెక్క సరిపోయిందని తేల్చేసింది. ఒకటి చేదు, ఒకటి దురద, ఒకటి బంక. పిల్లలు మొహం తిప్పుకునే కూరలకే అంత విలువ కట్టిన కథ ఇది.

దీన్ని బట్టి మన పూర్వులు పరదేశపు కూరలన్నిటినీ పసిగట్టి పక్కన పెట్టారనుకుంటే పొరపాటే. శివరాత్రి ఉపవాసానికి తెలంగాణలో కందగడ్డలు ఉడకబెట్టుకుంటారు. కోస్తావాళ్లకు అవే చిలగడదుంపలు. వాటి పుట్టిల్లు అమెరికా ఖండం. గోదావరి జిల్లాల్లో తియ్యగుమ్మడికాయ ముక్క పడందే సంక్రాంతి దప్పళం దప్పళమే కాదు. ఆ గుమ్మడి కూడా అమెరికాదే. తద్దినానికి పనికిరాదన్న క్యారెట్ పుట్టింది మాత్రం ఎంతో దూరాన కాదు, పర్షియా, ఆఫ్ఘనిస్తాన్ ప్రాంతాల్లో. అంటే పుట్టిన ఊరు ఎవరూ అడగలేదు. దొరల బంగళా తోటలోంచి వచ్చిందా లేదా అన్నదొక్కటే చూశారు. ముందుగా, చడీచప్పుడు లేకుండా వచ్చినవి పండగ వంటల్లోకి చేరిపోయాయి. ఆలస్యంగా, తెల్లదొరల వెంట వచ్చినవాటికి ‘ఇంగ్లీషు’ ముద్ర పడింది.

అలా ముందు వచ్చినవాటిలో అన్నిటికన్నా ఘటికురాలు మిరపకాయ. కొలంబస్ అమెరికా చేరింది 1492లో. వాస్కో డ గామా కాలికట్‌లో దిగింది 1498లో. పోర్చుగీసులు గోవా పట్టుకున్నది 1510లో. సరిగ్గా ఆ ముందటి ఏడే శ్రీకృష్ణదేవరాయలు గద్దెనెక్కాడు. ఆయన ‘ఆముక్తమాల్యద’లో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువును బట్టి పెట్టే భోజనాల వర్ణన ఉంది. చలికాలపు విందులో వేడి అన్నం, మిరియాల పొడి వేసిన కూరలు, ముక్కు అదరగొట్టే ఆవ పచ్చళ్లు కనిపిస్తాయి. ఘాటంతా మిరియానిది, ఆవాలది. మిరపకాయ ఊసే లేదు.

మిరియం పండాలంటే మలబారు కొండల వాన, నీడ కావాలి. అప్పట్లో తెలుగు రైతు దాన్ని కొనుక్కోవాల్సిందే తప్ప పండించుకోలేకపోయాడు. మిరప అలా కాదు. పెరట్లో నాలుగు మొక్కలు వేస్తే ఇంటికి సరిపడా కాస్తుంది, ఎండబెడితే ఏడాదంతా నిలవుంటుంది. డబ్బు పెట్టి కొనాల్సిన ఘాటు పెరట్లోనే దొరికింది. 1800-01లో మైసూరు, కెనరా, మలబారు ప్రాంతాలు తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్ తాను చూసిన తోటల్లో మిరప సాగు గురించి పదేపదే రాసుకున్నాడు. ఇప్పుడు గుంటూరు పేరు చెబితే మిరియం ఎవరికీ గుర్తురాదు.

ఈస్టిండియా కంపెనీ వాళ్లు కూడా తెలుగు నేల మీద కొత్త మొక్కలు నాటించారు. విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వెళ్లేదాకా సామర్లకోటలో ప్రయోగాల తోట నడిపాడు. మిరియాలు, నీలిమందు, కాఫీ, సీమపనస అక్కడ వేసి చూశాడు. ఉత్తర సర్కారుల్లో పెద్ద కరువు పడినప్పుడు కొబ్బరి, అరటి, సీమపనస లాంటివి విరివిగా నాటించమని సర్కారుకు సలహా ఇచ్చాడు. ఆలోచన మంచిదే. కానీ ఆ సీమపనస తెలుగు కంచం దాకా పెద్దగా రాలేదు. పైనుంచి ఆజ్ఞ వచ్చిందని ఎవరూ కొత్త కూర తినరు.

అసలు ఇంగ్లీషు కూరలు దిగింది పందొమ్మిదో శతాబ్దంలో. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1819 నుంచి నీలగిరుల్లో బంగాళాదుంపలు, క్యాబేజీ వంటి సీమ కూరలు పెంచడం మొదలుపెట్టాడు. కాలీఫ్లవరు 1822లో సహారన్‌పూర్ తోటకు చేరింది. చల్లటి దేశపు పువ్వు అది, మన ఎండకు గడ్డ కట్టదు. ఉత్తరాది రైతులు ఏ మొక్క వేడిలో కూడా పువ్వు వేసిందో చూసి దాని విత్తనమే దాచుకుంటూ, తరాల తరబడి కొత్త రకాలు తయారుచేశారు. మన దగ్గరికి వచ్చేసరికి దానికి ఇంకో ఇబ్బంది ఎదురైంది: పురుగు. ఉప్పు, పసుపు వేసిన వేణ్నీళ్లలో పువ్వు ముంచి తీయడం ఇంటింటా అలవాటయ్యాక గాని ఆ భయం పోలేదు. బెంగళూరు వంకాయ మెక్సికో తీగ. బెంగళూరు లాల్‌బాగ్ తోటను 1874 నుంచి 1908 దాకా చూసుకున్న జాన్ కామెరాన్ అక్కడ పెంచిన కొత్త మొక్కల్లో ఇదొకటి. పేరులోనే ఊరు తగిలించుకుని వచ్చింది.

క్యాబేజీకి మొదట్లో వచ్చిన చిక్కు వాసన. నీళ్లలో వేసి మెత్తగా ఉడకబెడితే అందులోని గంధకం తాలూకు కంపు ఇల్లంతా పడుతుంది. దొరలు తిన్నది అలా ఉడికించిందే. దాన్ని మనవాళ్లు తినగలిగేలా చేసింది ఆవ. పనసపొట్టుకూ అరటికాయకూ ఆవ పెట్టడం అంతకుముందే వచ్చు కనుక, అదే పద్ధతి దీనికీ పట్టించారు. క్యాబేజీని సన్నగా తరిగి, పలుకు మిగిలేలా ఉడికించి నీళ్లు వార్చేస్తారు. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపులో వేసి పసుపు, ఉప్పు, కాస్త చింతపండు రసం కలుపుతారు. పొయ్యి మీంచి దింపి, సెగ కొంచెం తగ్గాక, నూరిన ఆవముద్ద పట్టిస్తారు. సెగ మీద ఉండగానే వేస్తే ఆవ చేదెక్కుతుంది. తమాషా ఏమిటంటే ఆవాలూ క్యాబేజీ వృక్షశాస్త్రం ప్రకారం ఒకే ప్రజాతివి. వండిన ఇల్లాలికి ఆ సంగతి తెలియదు. నాలుక చెప్పినట్టు చేసింది. నా మటుకు నాకు, తెలుగు వంటింటి తెలివికి ఇంతకన్నా మంచి సాక్ష్యం లేదు.

టమాటా కథ ఇంకా విచిత్రం. దాన్ని చూసి భయపడింది మనమొక్కరమే కాదు. 1597లో ఇంగ్లండులో జాన్ జెరార్డ్ తన మొక్కల గ్రంథంలో దాన్ని ఈసడించి రాశాడు. టమాటాను బాగా తింటారని పేరున్న ఇటలీలో కూడా వంట పుస్తకంలో అది కనిపించింది 1690ల్లో, నేపుల్స్‌లో అంతోనియో లతీని రాసిన గ్రంథంలోనే. మన దేశపు పంటల మీద జార్జ్ వాట్ 1889-93 మధ్య వెలువరించిన నిఘంటువులో, దీన్ని ఎక్కువగా యూరోపియన్ల కోసమే పండిస్తున్నారనీ, దేశీయులు ఇప్పుడిప్పుడే మెచ్చుకుంటున్నారనీ ఉంది. కోస్తాలో పాతకాలంవాళ్లు దాన్ని రామములక్కాయ అనేవారు. కోస్తే ఎర్రగా కారే గుజ్జు మాంసాన్ని తలపిస్తుందని దూరం పెట్టిన మడి ఇళ్లు కూడా ఉండేవి.

పైగా తెలుగు వంటింట్లో పులుపుకు కరువెక్కడిది? చింతపండు, చింతచిగురు, గోంగూర, చుక్కకూర, మామిడికాయ, వాక్కాయ, ఉసిరి, నిమ్మ. ఇన్ని ఉండగా టమాటా ఎందుకు నిలబడింది? పులుపూ అదే, కూరా అదే కావడం వల్ల. చింతపండు నానబెట్టి పిసికే పని తప్పింది. కందిపప్పులో నాలుగు కాయలు, రెండు పచ్చిమిరపకాయలు వేస్తే పప్పు తయారు. గోంగూర, చుక్కకూర పప్పులో ఎప్పటినుంచో చేస్తున్న పనినే టమాటా ఏడాది పొడవునా చేసిపెట్టింది. పచ్చి టమాటాలకు నువ్వులు తోడై రోటి పచ్చడి వచ్చింది. వేసవిలో ముక్కలు ఉప్పులో ఊరబెట్టి, పిండి, ఎండబెట్టి, ఆ రసంలో చింతపండు నానేసి నిల్వ పచ్చడి పెట్టడం మొదలైంది. అదంతా మాగాయ పెట్టే పద్ధతే. హైదరాబాదులో టమాటా కట్ తయారైంది, ఉడికించిన గుడ్లతో.

బంగాళాదుంపకు ఇంత శ్రమ పడలేదు. చప్పటిది, ఏ మసాలాలో వేస్తే ఆ రుచి. ఇంట్లో పెద్దలు వద్దన్నా హోటల్ మసాలా దోసె, పూరీ కూర దాన్ని ఊరూరా తినిపించాయి. తెలంగాణలో ఆలుగడ్డ, రాయలసీమలో ఉర్లగడ్డ అని చెరో పేరుతో స్థిరపడింది. ఇంట్లో అమ్మమ్మకు తెలియని కూర ఎలా వండాలో చెప్పే పని పత్రికలూ పుస్తకాలూ తీసుకున్నాయి. మాలతీ చందూర్ ‘వంటలు-పిండివంటలు’ మళ్లీ మళ్లీ అచ్చయిందంటే ఆ అవసరం ఎంతటిదో అర్థమవుతుంది.

ఇప్పుడు మదనపల్లెలో దేశంలోనే పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి నడుస్తోంది. 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటితే ఇంటింటా గగ్గోలు పుట్టింది. వందేళ్ల కిందట చాలామంది ముట్టుకోని కాయ అది.

కొత్త కూరను మన వంటకు మలుచుకునే పని ఇంకా ఆగలేదు. బ్రోకలీ, జుకినీ ఇప్పుడు మన ఊళ్లలోనే దొరుకుతున్నాయి. ఉడికించి ఉప్పూ మిరియాలూ చల్లుకుంటే నచ్చనివాళ్లు, బ్రోకలీని కొబ్బరికారంతో వేయించుకుని, జుకినీతో బీరకాయ పచ్చడి చేసినట్టే చేసుకుని తినవచ్చు. అమెరికాలోని తెలుగువాళ్లు ఈ దారి ఎప్పుడో పట్టారు. అక్కడి చిత్తడి నేలల్లో కాసే క్రాన్‌బెర్రీలో చింతకాయ పులుపు కనిపెట్టి పప్పులో వేశారు, మెంతులూ ఎండుమిర్చీ దట్టించి పచ్చడి పట్టారు. తాజా కాయలు ఏడాదిలో చివరి మూడు నెలలే దుకాణాల్లో ఉంటాయి కాబట్టి, నవంబరులోనే నాలుగైదు సంచులు కొని ఫ్రీజర్‌లో పెట్టేసుకుంటారు.