వరస పోయిన పాట

మా అమ్మ పాటల పుస్తకం నా దగ్గరుంది. మామూలు రూళ్ళ నోటు పుస్తకమే, పసుపు మరకలూ నూనె బొట్లూను. తలంబ్రాల పాట, అలకపాన్పు పాట, అప్పగింతల పాట, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంది. వరస మాత్రం ఎక్కడా లేదు. మహా అయితే పైన “అత్తయ్య పాడే వరస” అని ఓ ముక్క. ఆ అత్తయ్యా లేదు, వరసా లేదు. పైగా ఆవిడ ఎవరికీ నేర్పేది కాదట. “నా పాట మీకు నేర్పేస్తే పేరంటానికి నన్నెవరు పిలుస్తారే?” అనేదిట. పాపం, ఆవిడ బాధ ఆవిడది!

మొన్న విదేశం నుంచి మా చెల్లెలి కూతురు వచ్చింది. అక్కడ నలుగురు స్నేహితులు కలిసి రెండు ఫిడేళ్ళు, ఒక వేణువు, ఒక గిటారుతో ఐర్లండు జానపద గీతాలు వాయిస్తారట.

“ఈ కాగితాలు ఎంతపెట్టి కొన్నావే?” అన్నాను.

“కొనడమేమిటి పెద్దమ్మా! ఎవరో ఇంటర్నెట్లో పెడతారు, మేం తీసుకుంటాం. మా నలుగురికీ సరిపడేట్టు కూర్చుకున్నది మళ్ళీ మేమూ పెడతాం” అంది.

దీని వెనక పెద్ద కథే ఉంది సుమండీ. ఫ్రాన్సిస్ ఓనీల్ 1848లో ఐర్లండులోని కార్క్ ప్రాంతంలో పుట్టాడు. పదహారేళ్ళకే ఇల్లు విడిచి ఓడెక్కి, ఎక్కడెక్కడో తిరిగి, చివరికి చికాగో చేరి 1873లో పోలీసు కొలువులో కుదిరాడు. 1901 నుంచి 1905 దాకా ఆ నగర పోలీసులందరికీ ఆయనే అధిపతి. దొంగల్ని ఏపాటి పట్టాడో గాని పాటల్ని మాత్రం బాగా పట్టాడు! చిన్నప్పుడు విన్న వరసలు బుర్రనిండా ఉన్నాయి, వేణువు వాయిస్తాడు, స్వరం రాయడం మాత్రం రాదు. ఆ పోలీసుల్లోనే జేమ్స్ ఓనీల్ అనే ఫిడేలు విద్వాంసుడున్నాడు. ఇంటిపేరొకటే గాని చుట్టరికం లేదు. ఈయన వినిపిస్తే ఆయన రాసేవాడు. అలా 1903లో 1850 వరసలతో పుస్తకం వచ్చింది. 1907లో 1001 నాట్యపు వరసలు, 1908లో పియానోకూ ఫిడేలుకూ కూర్చిన 250 పాటలు వచ్చాయి. పరాయి దేశంలో బతుకుతెరువు చూసుకునేవాడికి ఇంత తాపత్రయమేమిటో!

మనవాళ్ళేం తీసిపోలేదనుకోండి. ఆ మరుసటేడే, 1904లో, ఎట్టయపురం సుబ్బరామ దీక్షితులుగారి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ స్వరాలతో సహా తెలుగు లిపిలోనే అచ్చయింది. కృతులకు పట్టిన ఆ అదృష్టం మా అమ్మ పాటలకు పట్టలేదు, అంతే.

ఇంతకీ ఇంటర్నెట్ సంగతి. బ్రిటన్లో క్రిస్ వాల్షా అనే ఆయన 1980లలో, నేర్చుకున్న వరసలు మరిచిపోకుండా ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాడు. అచ్చం మన సరిగమల్లాగే! పై స్థాయికి మనం చుక్క పెడతాం, ఆయన పెద్దబడి బదులు చిన్నబడి అక్షరం వేశాడు. 1993లో ఆ అక్షరాలను స్వరపత్రంగా మార్చే కంప్యూటరు ప్రోగ్రామును అందరికీ ఇచ్చేశాడు. వట్టి అక్షరాలే కనుక ఉత్తరంలా పంపుకోవచ్చు. ఓనీల్ పుస్తకాల్లోని వరసల్ని కూడా ఔత్సాహికులు ఆ లిపిలోకి ఎక్కించి పంచిపెట్టారు.

“నీకు గుర్తున్నదొకటి పాడు పెద్దమ్మా” అని పట్టుబట్టింది పిల్ల. గొంతు సవరించుకుని అప్పగింతల పాట ఎత్తుకున్నాను. అది ఫిడేలు మీద పట్టుకుని, అక్షరాలు రాసుకుని, నలుగురికీ వాటాలు వేసింది. చరణం చివర పల్లవిలోకి మళ్ళే చోట మాత్రం నాకు వరస తప్పింది. ఎన్నిసార్లు ప్రయత్నించినా రాలేదు. అది అక్కడ ఖాళీ వదిలి, “తెలిసినవారు పూర్తి చేయగలరు” అని రాసి పెట్టేసింది.