గుడ్డిదైనా దాణా తప్పదు

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని సామెత. దీన్ని పుట్టించినవాడు కవీ కాడు, పండితుడూ కాడు. నెలాఖరున సంసారం లెక్క చూసుకుని తల పట్టుకున్న ఏ జట్కావాడో, వాడి ఇల్లాలో అయివుంటారని నా అనుమానం. అలాంటి లెక్క ఒకటి కళ్లారా చూశాను కాబట్టే ఈ అనుమానం.

నా చిన్నతనంలో, అంటే 1950ల ఆఖరి రోజుల్లో, అమలాపురంలో మా వీధి చివర ఒక జట్కా సాయిబు ఉండేవాడు. పిల్లలమంతా సాయిబు తాత అనేవాళ్లం. ఆయన భార్య బీబమ్మ. పెంకుటి వసారాలో ఏడుగురు మనుషులు, పక్కన తాటాకు పాకలో ఒక్క గుర్రం. ఏమాటకామాటే చెప్పుకోవాలి, పాకే కాస్త విశాలంగా ఉండేది.

నిజానికి కోనసీమ గుర్రాల సీమ కాదు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాక, బరువంతా కాలవల మీదే సాగింది. ధాన్యం, కొబ్బరికాయలు, కలప, అన్నీ పడవల్లోనే. గాలి లేనప్పుడు పడవని గట్టు మీంచి తాడుతో లాగింది కూడా మనుషులే. రైలా అంటే, కాకినాడ నుంచి 1928లో కోటిపల్లి దాకా వచ్చి, గౌతమి ఒడ్డున ఆగిపోయింది. యుద్ధం పేరు చెప్పి 1940లో ఆ పట్టాలు కూడా పీక్కుపోయారు. మళ్లీ వేసేసరికి 2004 వచ్చింది. అంచేత కోటిపల్లి రేవులో పడవెక్కి, ముక్తేశ్వరంలో దిగి, తడిసిన పంచె పిండుకుంటూ అమలాపురం దారి పట్టే మనిషి కోసమే మా ఊరి జట్కాలు బతికాయి. గుర్రానికి దొరికిందల్లా రేవుకీ ఊరికీ మధ్య ఆ కాస్త దారి.

ఆ కాస్త దారి మీద ఏడుగురు మనుషులూ ఒక గుర్రమూ తినాలి.

ఇక్కడో చిక్కుంది. మా సీమలో వరిగడ్డికి కొదవలేదు. ఎద్దుకైతే అది చాలావరకు సరిపోతుంది, తిన్నదాన్ని తీరిగ్గా నెమరు వేసుకుని బలం పిండుకుంటుంది. గుర్రానికి నెమరు లేదు. కడుపు చూస్తే చిన్నది, కొంచెం కొంచెంగా రోజంతా తింటూనే ఉండాలి. తన బరువులో నూటికి రెండు పాళ్లకి తక్కువ కాకుండా రోజూ ఎండుమేత పడాలి, పైన బండి లాగితే గింజ పడాలి. గింజ అంటే ఉలవలు. ఉలవలేమో మెట్ట పంట. చుట్టూ పచ్చగా వరిచేలు, మధ్యలో కొనుక్కోవలసిన ఉలవలు! పాలకోసం ఆవునీ, దున్నడానికి ఎద్దునీ కట్టేసుకున్న ఇల్లు ఎక్కడైనా గట్టెక్కుతుంది. గుర్రాన్ని కట్టేసుకున్న ఇల్లు మాత్రం రోజూ చేతిలో డబ్బులు ఆడితేనే గట్టెక్కుతుంది.

బీబమ్మకి చదువు రాదు. వసారా గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది. పై వరస గుర్రానిది, కింది వరస ఇంటిది. నయాపైసలు 1957లో వచ్చినా ఆవిడ లెక్క మాత్రం అణాల్లోనే నడిచేది. సాయంత్రం తాత చొక్కా జేబు దులపగానే మొదట దాణా డబ్బు గుడ్డలో ముడి వేసేది. తరవాత లాడాల డబ్బు. గుర్రం గిట్ట మనిషి గోరులాగే పెరుగుతుంది, నెలకి సుమారు ఒక సెంటీమీటరు. అంచేత లాడం అరిగినా అరక్కపోయినా నెలా పది రోజులకోసారి ఊడదీసి, గిట్ట చెక్కి, మళ్లీ కొట్టించాలి. ఆపైన చక్రాల మరమ్మతు, పగ్గాలు, బండి లైసెన్సు. ఇవన్నీ పోగా మిగిలిందే బియ్యం. మిగలనినాడు కింది వరసలో గీత ఉండేది కాదు. పై వరసలో గీత లేని రోజు మాత్రం నేనెన్నడూ చూడలేదు.

గుర్రం ఇంటికి తిరిగి ఇచ్చేది ఒకటుంది. ఉలవలు ఉడకబెట్టి గుగ్గిళ్లు గుర్రానికి పెట్టాక, ఆ ఉడికిన నీళ్లు వృథా పోనిచ్చేది కాదు బీబమ్మ. చింతపండు పిసికి పోసి, సన్నటి సెగ మీద చిక్కగా మరగనిచ్చేది. ఆ వాసన వీధి మొదటిదాకా వచ్చేది. మాకూ ఒక గిన్నె పంపేది. మా మామ్మది మడి, గిన్నెని వంటింటి గుమ్మం దాటనిచ్చేది కాదు. మేం అరుగు మీదే కూచుని అన్నంలో కలుపుకునేవాళ్లం. మూడో ముద్దకి మామ్మ కూడా గుమ్మంలోకొచ్చి నిలబడి, “ఎలా ఉందర్రా?” అని అడిగేది.

గుర్రం కొంపలు ముంచడం కొత్త సంగతేం కాదు లెండి. క్రీస్తుకి పూర్వం 423లో ఏథెన్సులో అరిస్టోఫనీస్ ‘మేఘాలు’ అనే ప్రహసనం ఆడించాడు. తెర లేచేసరికి ఒక ముసలి తండ్రి నిద్రపట్టక, కొడుకు గుర్రాల పిచ్చికి చేసిన అప్పుల పద్దు దీపం పెట్టుకుని చూసుకుంటూ ఉంటాడు. మన దక్షిణాది రాజులదీ అదే కథ. పదమూడో శతాబ్దం చివర ఇటు వచ్చిన మార్కోపోలో, తమిళ తీరపు రాజు ఏటా రెండువేలకి పైగా గుర్రాలు కొంటాడనీ, ఏడాది తిరిగేసరికి వంద కూడా మిగలవనీ రాశాడు. వాటిని సాకడం తెలియదట, లాడాలు కొట్టేవాళ్లు లేరట, తిండి కింద అన్నమూ మాంసమూ వండి పెట్టేవారట. రాజుకేం, ఖజానా ఉంది. గుర్రం పోతే ఓడలో ఇంకోటి దిగుతుంది. బీబమ్మకున్న ఖజానా చెవులకున్న జత కమ్మలు.

ఆ కమ్మల సంగతి చెప్పాలి.

జట్కావాడి ఏడాది సంక్రాంతితో మొదలవుతుంది. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి జనం విరగబడేవారు. రాజోలు వైపు బళ్లకి మాఘమాసంలో అంతర్వేది కల్యాణం. ఆపైన వైశాఖం దాకా పెళ్లిళ్లు. ఆషాఢం వచ్చిందంటే పెళ్లిళ్లుండవు, వానలు పడతాయి, రోడ్డు బురదవుతుంది, మనుషులు ఇల్లు కదలరు. గుర్రం పాకలో నిలబడి తింటూనే ఉంటుంది. సామెత అర్థమయ్యేది ఆ రెండు మూడు నెలల్లోనే.

1962 వానాకాలంలో అలాగే పదిహేను రోజులు బండి కదల్లేదు. కింది వరసలో గీతలు అప్పటికే సగం ఎగిరిపోయాయి. బీబమ్మ మొదటిసారి పై వరస మీద చెయ్యి వేసింది. ఉలవలు తగ్గించి, చవగ్గా వస్తోందని ఒక బస్తా తవుడు కొంది. తవుడుకి చెమ్మ తగిలి, లోపల బూజు పట్టి ఉంది. గుర్రానికి వాంతి చేసుకునే వీలు దేవుడు పెట్టలేదు. లోపలికి పోయింది విషమైనా బయటికి రాదు. ఆ రాత్రి అది మాటిమాటికీ వెనక్కి తిరిగి డొక్కవైపు చూసుకోవడం, కాలితో పొట్ట తన్నుకోవడం, చెమటలు కక్కుతూ కూలబడబోవడం. పడుకుని దొర్లితే పేగు మెలిక పడుతుందని తాతా, ఆయన పెద్ద కొడుకూ వంతులు వేసుకుని తెల్లవార్లూ వానలో వీధి పొడుగునా నడిపించారు. మా నాన్న లాంతరు పట్టుకున్నారు. తెల్లవారగట్ల పశువుల డాక్టరుగారొచ్చి గొట్టంతో ఏదో నూనె పట్టించారు. పొద్దెక్కాక గుర్రం లద్ది వేసింది. వీధి వీధంతా ఆ లద్దిని చూసి సంతోషించింది. నవ్వకండి, ఇల్లు నిలిచిందని దానర్థం.

కమ్మలు మాత్రం తాకట్టుకి వెళ్లాయి. తవుడులో మిగిల్చింది రెండో మూడో రూపాయలు, పోయింది కమ్మల జత. బీబమ్మ చాలాకాలం ఆ మాట తలుచుకుని, “పిల్లల కంచంలో తగ్గించినా సరిపోయేదమ్మగారూ, దాని తొట్టిలో తగ్గించాను,” అని మా అమ్మతో అనేది. ఆ లెక్క తప్పని అమ్మ అనలేకపోయేది, ఒప్పని అంతకన్నా అనలేకపోయేది.

అప్పటికే రిక్షాలు వచ్చేశాయి. రిక్షా తినదు. తొక్కేవాడు తింటాడు, కానీ వాడు ఒక పూట పస్తున్నా మర్నాడు తొక్కుతాడు, గుర్రం అలా ఊరుకోదు. జట్కాని ఓడించింది వేగం కాదు, ఈ ఒక్క సంగతే. తాత గుర్రాన్ని అమ్మేసిన కొన్నాళ్లకి, 1965లో, బండి లాగే పశువుల కోసం కేంద్ర ప్రభుత్వం నిబంధనలు తెచ్చింది. బండిలో తోలేవాడు కాక నలుగురే ఎక్కాలి, ఆరేళ్లలోపు పిల్లలు లెక్కలోకి రారు. రోజుకి తొమ్మిది గంటలకి మించి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బండి కట్టకూడదు. మంచి నిబంధనలే, ఆ నోరులేని జీవికి ఎప్పుడో దక్కవలసినవే. తాత బండిలో మాత్రం ఏడుగురు ఎక్కేవారు, మా అత్తయ్య పదేళ్ల కొడుక్కి కూడా ఆరేళ్లు నిండలేదనేది. నలుగురి కిరాయితో ఉలవలు వస్తాయా అన్నది ఆ నిబంధనల్లో లేదు.

గుర్రాన్ని ఎవరో కొనుక్కుని రేవు దాటించారు. తాత పెద్ద కొడుకు అద్దె రిక్షా తీసుకున్నాడు. గోడ మీద పై వరస ఆ రోజుతో ఆగిపోయింది.

నెల తిరిగాక, నోరు చచ్చి మామ్మే నన్ను గిన్నె ఇచ్చి పంపింది. బీబమ్మ గిన్నె వంక చూసి, నా వంక చూసి, ఖాళీదే తిరిగి చేతిలో పెట్టింది.

“గుర్రం లేనింట్లో ఉలవలెవరు కొంటారు బాబూ?” అంది.